జెట్టీ రోడ్డు తవ్వేశారు

మార్చి 12, బుధవారం
మధ్యాహ్నం

గౌరవనీయులైన వదినగారికి,

మీ వియ్యపురాలు చేతులు జోడించి రాసేదేమంటే, ఇక్కడ నేనూ, మీ అబ్బాయీ, మీ కోడలూ కులాసాగా ఉన్నాం. అక్కడ మీ మోకాళ్లు కాస్త మీ మాట వింటున్నాయనీ, పక్కింటివాళ్ల కుక్క మీ గుమ్మంలో పడుకోవడం మానేసిందనీ తలుస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. మీ వీధి ఆడవాళ్లంతా కలిసి బస్సు మాట్లాడుకుని వచ్చే వారం శుక్రవారానికల్లా మా ఊరు చూడ్డానికి వస్తున్నారని చదివి చాలా సంతోషించాను. ఏం చూడాలి, ఎక్కడ తినాలి, ఇక్కడి మనుషులతో ఎలా మసలుకోవాలి, అన్నీ రాసి పంపమన్నారు. ఫోనులో చెబితే నిలవదు, కాగితం మీదైతే బస్సులో అందరికీ పైకి చదివి వినిపిస్తానన్నారు. మీరు అడగడంలో తప్పేమీ లేదు. పసుపు గొడుగు పైకెత్తి పట్టుకుని, వెనకాల కొత్తవాళ్లని మందలా నడిపించుకుంటూ ఊరు చూపించడమే కదా నా బతుకుతెరువు. వేలమందికి చెప్పిన మాటలే. కానీ మీకు రాయడానికి కూర్చునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఎందుకంటారా? మీ కోడలు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక్కో వాక్యం పూర్తవగానే మెడ చాచి చదువుతోంది. మొదట రాసిన కాగితం చించేసింది. రెండోది మడిచి చెత్తబుట్టలో వేసింది. పాయింట్లుగా రాయమ్మా, ఒకటీ రెండూ మూడూ అని వెయ్యి, అంటోంది. నాకు పాయింట్లు రావు. నేను నడుస్తూ మాట్లాడే మనిషిని, మలుపు తిరిగితే మాట కూడా తిరుగుతుంది. ఇది కూడా ఇప్పుడే చదివి, అత్తయ్యకి ఇవన్నీ ఎందుకంది. ఉండనీ అన్నాను.

సరే, ముందు లైట్‌హౌస్. పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే ఆ ఇనుప మెట్లు కాలిపోతాయి. మీరు మాత్రం ఎక్కకండి, మీ మోకాళ్లతో పైకి వెళ్లడం వెళ్తారు గానీ దిగడానికి నలుగురు కావాలి. కింద సిమెంటు బల్ల ఉంది, అక్కడ కూర్చుంటే పైన కనిపించే సముద్రమే కింద కూడా కనిపిస్తుంది. పైకెక్కిన వాళ్లు చేసేదేముంది? సముద్రానికి వీపు తిప్పి తమ మొహాలే ఫోటో తీసుకుంటారు. మొన్న ఒకావిడ అంత పైకెక్కి, ఇక్కడ సిగ్నల్ రావడం లేదేమిటండీ అని నన్ను నిలదీసింది. లైట్‌హౌస్ కట్టింది ఓడలకమ్మా, మీ ఫోనుకి కాదు అందామనుకున్నాను. అనలేదు. అంటే ఆవిడ నా మీద రాసేస్తుంది. ఇప్పుడందరూ రాసేవాళ్లే కదా. ఫోనులో చుక్కలు వేస్తారు. ఐదు చుక్కలకు నాలుగిచ్చి, గైడు కాస్త చిరాగ్గా మాట్లాడింది అని రాస్తారు. రోజంతా ఎండలో నడిస్తే చిరాకు రాకుండా ఏం వస్తుంది?

తర్వాత మీవాళ్లు రాకుమారి గోడ చూస్తామంటారు. అందరూ అదే అడుగుతారు. పూర్వం ఓ రాకుమారి ఎవరికోసమో ఎదురుచూసి, చూసి, ఆ గోడ మీంచి సముద్రంలోకి దూకిందట. ఏ రాకుమారీ దూకలేదు వదినగారూ. అది ఉప్పు గోదాము గోడ. రాజులే లేని ఊరికి రాకుమారి ఎక్కణ్నించి వస్తుంది? మా గైడుల్లో ఒకడున్నాడు, మైకు అని పిలుస్తాం, గొంతు అలాంటిది. వాడు ఓ వానరోజున గోడ కింద చిక్కుకుపోయిన జనానికి కాలక్షేపం కోసం అల్లిన కథ అది. జనం కళ్లొత్తుకున్నారు. మర్నాడు వేరేవాళ్లొచ్చి, రాకుమారి గోడేదీ అని నన్నడిగారు. ఉప్పు గోదామండీ అంటే మొహాలు మాడ్చుకున్నారు. ఇక నేను కూడా చచ్చినట్టు ఆ కథే చెబుతున్నాను. ఇప్పుడు ఎవరో అక్కడ పూలు కూడా పెట్టి పోతున్నారు. చెప్పడం మొదలుపెట్టిన అబద్ధాన్ని ఆపడానికి ఒక్కరికీ దమ్ము లేదు. ఆ పూలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

ఈ పేరా కూడా తీసెయ్యమంటోంది మీ కోడలు. గోడ గురించి రాస్తే దీనికేమిటట!

తిండి సంగతి. బీచి రోడ్డు మీద వరసగా గాజు తలుపుల హోటళ్లుంటాయి. గుమ్మానికి ప్లాస్టిక్ పీత వేలాడుతుంటే లోపలికి వెళ్లకండి. మెనూ కార్డు మీద తిండి కంటే బొమ్మలే బాగుంటే లేచి వచ్చెయ్యండి, మంచినీళ్లు తాగేశామే అని మొహమాటపడకండి. బయట నిలబడి, రండమ్మా రండి అని చెయ్యి పట్టుకు లాగేవాడు ఉన్నాడంటే లోపల వంటవాడి చేతిలో ఏమీ లేదని అర్థం. మైకు తన జనాన్ని తిన్నగా అలాంటిచోటికే తోలుకుపోతాడు, వాడి వాటా వాడికుంటుంది. నేను ఏనాడూ ఎవరి దగ్గరా కాఫీ చుక్క ఊరికే తాగి ఎరగను. నేను పంపిన చోట తిని ఎవరికైనా కడుపు పాడైతే నాకు నిద్ర పట్టదు. నేను చూపించిన దారి తప్పు దారి అయితే అంతకన్నా నిద్ర పట్టదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

మంచి చేప ఎక్కడ దొరుకుతుందని మీవాళ్లు ప్రత్యేకంగా అడగమన్నారని రాశారు.

ఇక్కడ నాలుగు లైన్లు కొట్టేసి ఉంటాయి, గీతలకు క్షమించండి. మీ కోడలు పెన్ను లాక్కుని కొట్టేసింది. కనుక దాని మాట ప్రకారం రాస్తున్నాను: ఈ ఊళ్లో మంచి చేప దొరకదు. బస్టాండు పక్కన కూరగాయల భోజనం బాగుంటుంది. సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక సముద్రం తప్ప వేరే ఏదీ ఎవరికీ చూపించని మనిషిని, బస్టాండు పక్కన వంకాయ కూర తినమని రాస్తున్నాను. నా ఖర్మ.

మనుషుల గురించి అడిగారు. ఇక్కడివాళ్లు మంచివాళ్లే గానీ, దారి అడిగితే తెలియదని మాత్రం చెప్పరు. పరువు తక్కువనుకుంటారో ఏమో, ఏదో ఒక దారి చూపించేస్తారు. అందుకని ఇద్దరినడగండి, ఇద్దరూ ఒకటే చెబితే అప్పుడు కదలండి. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లుంటారు, అడక్కుండా ఫోటోలు తీయొద్దని మీవాళ్లకి గట్టిగా చెప్పండి. వాళ్లు పని చేసుకుంటున్నారు, బొమ్మల కొలువు కాదు. నీళ్లలోకి దిగితే సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. అల చెప్పి రాదు. గవ్వలమ్మేవాడు ఇవన్నీ పొద్దున్నే తనే ఏరుకొచ్చానంటాడు. కాదు, డబ్బాల్లో ఎక్కడినుంచో దిగుతాయి. నచ్చితే కొనుక్కోండి, నమ్మి మాత్రం కొనకండి.

ఇక దారి. లైట్‌హౌస్ చూశాక శనివారం పొద్దున మీరు ఓడల మ్యూజియానికి వెళ్లాలి. అక్కడికి సముద్రం పక్కనుంచి నేరుగా ఒక రోడ్డుంది, జెట్టీ రోడ్డంటారు. పడవలు ఆగే వంతెన ముందునుంచి పోతుంది. దాని మీదికి వెళ్లకండి. తవ్వేశారు. పైపులు వేస్తున్నారు. దుమ్ము, వాసన, బురద. కుక్కలు కూడా ఉన్నాయి. (కుక్కల సంగతి మీ కోడలు రాయమంది, రాశాను.) బస్సుని ఊరి వెనక కొండ మీదుగా తిప్పి తీసుకెళ్లమని డ్రైవరుకి చెప్పండి. ఇటు నాలుగడుగులు వేస్తే అయిపోయే దారికి అటు చుట్టూ తిరిగి, మలుపుల్లో సగంమందికి వాంతులయ్యి, మధ్యాహ్నం దాటాక చేరతారు. దారిలో చూడ్డానికి సిమెంటు ఫ్యాక్టరీ ఒకటుంది. నన్ను తిట్టుకోకండి. నిన్న రాత్రి భోజనాలయ్యాక మేం ముగ్గురం బల్ల మీద ఊరి పటం పరుచుకుని కూర్చుని కట్టిన దారి ఇది. ఊరంతా చూపించాలి, జెట్టీ మాత్రం కనపడకూడదు. మీకు బురద అంటకూడదని వాళ్ల తాపత్రయం. ఇంత దరిద్రపు దారి నా జన్మలో ఎవరికీ చెప్పలేదు.

మీ ఉత్తరం చివర రాసిన మాట దగ్గరికొస్తున్నాను. ఊరు ఎలా ఉన్నా ఫరవాలేదు వదినగారూ, మావాడు పనిచేసే చోటు ఒక్కటి చూపించండి చాలు, అని రాశారు. పెళ్లయి మీ అబ్బాయి ఇక్కడికి వచ్చేశాక మీరు ఒక్కసారి కూడా రాలేదు. పెద్ద హోటల్లో కౌంటరు దగ్గర కోటు వేసుకుని నిలబడతాడని వీధిలో అందరికీ చెప్పుకున్నారు. ఆ నల్లకోటు ఫోటో మీ ఇంట్లో టీవీ పైన పెట్టుకున్నారని నాకు తెలుసు. లాండ్రీలో ఊరందరి కోట్లు ఇస్త్రీ చేసిన చేత్తో ఆ కోటు మీరే ఇస్త్రీ చేసి పంపారనీ తెలుసు. బస్సు నిండా ఆడవాళ్లు వస్తున్నది లైట్‌హౌస్ కోసం కాదు, మీ అబ్బాయిని చూడ్డానికే అని కూడా నేను ఊహించగలను.

కనుక ఏర్పాటు ఇలా చేశారు. శనివారం సాయంత్రం నాలుగింటికి మీరంతా హోటల్ లాబీకి రండి. ఎత్తయిన కప్పు, పెద్ద దీపాల గుత్తి, చేపల తొట్టి ఉంటాయి. మీ అబ్బాయి కౌంటరు వెనక ఉంటాడు. నమస్కారం పెడతాడు. అందరికీ కాఫీ ఇప్పిస్తాడు. ఓ అరగంట. అతన్ని ఎక్కువ మాట్లాడించకండి, డ్యూటీలో ఉన్నవాళ్లు మాట్లాడకూడదని రూలట. అక్కడ పనిచేసేవాళ్లనెవరినీ మీ అబ్బాయి గురించి అడగకండి, వాళ్లకీ రూలట. ఫోటో ఒక్కటి తీసుకోవచ్చు. అరగంట కాగానే లేచి బస్సెక్కండి. చుట్టుపక్కల తిరగకండి.

కన్నకొడుకుని చూడ్డానికి అరగంట ఏమిటి, రూలేమిటి అని మీరు అడగాలి. మీ స్థానంలో నేనుంటే అడిగేదాన్ని, అడిగి ఆ లాబీలోనే చాప వేసుకుని కూర్చునేదాన్ని. మీరు నెమ్మదైన మనిషి కనుక సరేనంటారు.

మీరొక్కరైనా లాడ్జిలో కాకుండా మా ఇంట్లో దిగాలని నా కోరిక. కింద వాటాలో నేనొక్కదాన్నే, మంచం ఉంది, పైన మీవాళ్లు. కానీ మీ అబ్బాయి డ్యూటీకి తెల్లవారకముందే పోవాలట, ఆ చప్పుళ్లకి మీకు నిద్ర ఉండదట, బస్సువాళ్లతో ఉంటేనే మీకు కాలక్షేపమట. కొడుకు ఇంట్లో ఉండగా తల్లికి లాడ్జిలో కాలక్షేపం! ఈ మాట నేనన్నది కాదు. ఇలాంటివి అనడానికి నాకు నోరు రాదు.

ఇంతకన్నా రాస్తే ఇంకో కాగితం చిరుగుతుంది. మెత్తటి చెప్పులు వేసుకోండి. తలకి గుడ్డ కట్టుకోండి. మందులు చేతిసంచీలోనే పెట్టుకోండి, బస్సు పైన వెయ్యకండి. మీ వీధి ఆడవాళ్లందరికీ నా నమస్కారాలు.

మీ రాక కోసం చూస్తూ, ఎప్పుడూ మీ మేలు కోరే,
మీ వియ్యపురాలు

తా.క.

వదినగారూ, బస్సులో పైకి చదువుతున్నట్టయితే ఇక్కడ ఆపెయ్యండి. గొంతు పట్టేసిందని చెప్పండి. ఇక్కణ్నించి మీ ఒక్కరికే.

పైన రాసినదంతా మీ కోడలు మొదట్నించీ చివరిదాకా మళ్లీ ఒకసారి చదివి, బాగుందమ్మా అని, కవరు తన చేత్తోనే అంటించి, పోస్టులో వేసి రమ్మని నాకిచ్చింది. పోస్టాఫీసుకి వచ్చాను. ఎర్రడబ్బాలో వేద్దామని చెయ్యెత్తాను. చెయ్యి రాలేదు. కవరు చింపేసి కొత్తది కొన్నాను. కౌంటరు దగ్గర దారంతో కట్టేసిన పెన్నుతో నిలబడి రాస్తున్నాను. దారం పొట్టిది, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి. నా వెనక ఒకాయన అంతసేపేమిటండీ అని గొణుగుతున్నాడు. గొణగనీ.

జెట్టీ రోడ్డు ఎవరూ తవ్వలేదు. అద్దంలా ఉంది. కుక్కలూ లేవు.

మీ అబ్బాయి హోటల్లో పని మానేసి చాలాకాలమైంది. ఎవరూ తీసెయ్యలేదు, తప్పేమీ చెయ్యలేదు, ముందు అది మనసులో పెట్టుకోండి. తనే మానేశాడు. ఇప్పుడు జెట్టీ చివర పొయ్యి పెట్టుకుని చేపలు వేయించి అమ్ముతున్నాడు. తెల్లవారకముందే పోయేది డ్యూటీకి కాదు, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి చేపలు ఏరుకోడానికి. మిమ్మల్ని ఇంట్లో దించుకోకపోవడం ఎందుకంటే, ఎంత సబ్బు పెట్టి రుద్దినా వాసన పోదు, అమ్మకి తెలిసిపోతుందని. మీతో వీడియోలో మాట్లాడేటప్పుడు వేసుకునే కోటు నడుము వరకే. కింద నిక్కరు. నాకు చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. శనివారం నాలుగింటిది నాటకం. హోటల్ కౌంటరులో అతని పాత స్నేహితుడొకడు అరగంట తన చోటు ఇస్తానన్నాడు. నిన్న మా హాల్లో బల్ల అడ్డం పెట్టుకుని ఎలా నిలబడాలో, మీకు ఎలా నమస్కారం పెట్టాలో అభ్యాసం చేశాడు. మీ కోడలు మీరైంది. కొడుకు తల్లికి నమస్కారం పెట్టడం అభ్యాసం చేస్తుంటే చూడలేక లేచి బయటికి పోయాను.

మీకు ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. పెళ్లప్పుడు మీరు నా చెయ్యి పట్టుకుని చెప్పినదంతా నేను మర్చిపోలేదు. అన్నయ్యగారు ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ వంటలు చేసి, ఆ పొగంతా మింగి మింగి, చివరికి ఊపిరందక పోయారు. ఆ రోజు నుంచీ మావాణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వలేదు వదినగారూ, గరిటె ముట్టుకోనివ్వలేదు అన్నారు. మీ అబ్బాయి అక్కడే ఉన్నాడు, విన్నాడు. అందుకే చెప్పలేకపోతున్నాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నా కూతుర్ని కోటు వేసుకున్నవాడికిచ్చాను, చేపల పొయ్యికి కాదు అని నోటికొచ్చినట్టు కేకలేశాను. వారంరోజులు పై మెట్లు ఎక్కలేదు. తర్వాత ఒకరోజు నా జనాన్ని జెట్టీ వైపు నడిపించుకుంటూ పోతుంటే అందరూ నన్ను వదిలేసి వాసన వచ్చే వైపు పోయారు. గైడు ముందు, జనం వెనక అన్నది తారుమారైంది. నేను కూడా వెళ్లి దూరంగా నిలబడి చూశాను. వదినగారూ, అతని పొయ్యికి చక్రాలున్నాయి. గాలి ఎటు మారితే పొయ్యిని అటు తిప్పుకుంటున్నాడు. పొగంతా సముద్రం మీదికి పోతోంది, ఒక్క పాయ కూడా అతని మొహం మీదికి రావడం లేదు. పని మధ్యలో ఆపి మరీ తిప్పుతున్నాడు, జనం తొందరపెట్టినా సరే. ఆ పొయ్యి తనే గీసి, కమ్మరి దగ్గర కూర్చుని చేయించుకున్నాడట.

ఆ సాయంత్రం అడిగాను, అమ్మకి ఎందుకు చెప్పవు బాబూ అని. నాన్న పొగ మింగాడు అత్తయ్యా, నేను మింగను అన్నాడు. కానీ అమ్మకి పొయ్యి అంటే పొగే గుర్తొస్తుంది, ఎంత చెప్పినా వినపడదు, అమ్మ కళ్లలో కోటుతోనే ఉండిపోతాను అన్నాడు. అని తల తిప్పుకున్నాడు. చెబితే వినపడదేమో గానీ చూస్తే కనపడదా అని నాకు కోపం వచ్చింది. ఈ ఇద్దరూ ఎంత బతిమాలితే మాత్రం, కళ్లున్న మనిషిని కొండ చుట్టూ తిప్పమని నన్నే అడుగుతారా? ఊరు చూపించేదాన్ని నేను. దాచేదాన్ని కాదు.

ఇంకొకటి. ఉప్పు చూసేటప్పుడు ఎడమ అరచేతిలో మసాలా చుక్క వేసుకుని, కళ్లు మూసుకుని నాకుతాడు. ఎవరు నేర్పారు అని అడిగాను. ఎవరూ నేర్పలేదన్నాడు. అన్నయ్యగారు అలా చేసేవారో లేదో నాకు తెలియదు, మీకే తెలియాలి.

శనివారం పొద్దున మీవాళ్లు కొండ చుట్టూ తిరగనక్కర్లేదు, మ్యూజియానికి నేరుగానే పొమ్మనండి. వాళ్లు ఓడలు చూస్తున్నంతసేపు మోకాళ్లు నొప్పి అని చెప్పి మీరు బయట ఉండిపోండి. తర్వాత సముద్రాన్ని ఎడమ పక్కన పెట్టుకుని నెమ్మదిగా నడవండి. ఎవరినీ దారి అడగనక్కర్లేదు, ముక్కే చెబుతుంది. నేను రాను. ఇది మీ తల్లీకొడుకుల వ్యవహారం. చెడామడా తిట్టాలనిపిస్తే తిట్టండి, నా వంతు నేను ముందే తిట్టేశాను. ఇవేమీ వద్దు, నాలుగింటికి లాబీకి వెళ్లి, కోటు చూసుకుని, కాఫీ తాగి బస్సెక్కుతానంటే అదీ మీ ఇష్టమే. నేను రాసినట్టు ఎవరికీ తెలియదు, నేను నోరెత్తను.

వెళ్లేటట్టయితే మాత్రం గైడు మాటగా ఇదొక్కటి వినండి. ఆ పొద్దున లాడ్జిలో ఏమీ తినకండి, కడుపు ఖాళీగా ఉంచుకోండి. మిమ్మల్ని చూడగానే అతను పొయ్యి తిప్పడం కూడా మర్చిపోతాడు. మీరు వెంటనే ఏమీ అనకండి. వరసలో నిలబడండి. మీ వంతు వచ్చాక ప్లేటు చాపండి.